వాయిదా పడిన సోమవారం

పెన్‌హోప్ స్వారీ సంఘంలో స్వారీ కన్నా సారీ ఎక్కువ. కంచె దాటబోయి కంచెను కూల్చినవాళ్ళు సారీ అంటారు. గుర్రం కుడికి తిరిగితే తాము ఎడమకు వెళ్ళినవాళ్ళు నేల మీంచే సారీ అంటారు. న్యాయనిర్ణేత టోపీలో గడ్డిపువ్వులు చూసి మేత అనుకున్న గుర్రం తరఫున ఓనరు సారీ అంటాడు. ఇలాంటివాళ్ళను నేరుగా పెద్ద పోటీలకు పంపితే ఊరి పరువు పోతుంది కాబట్టి, ఏటా సెప్టెంబరు చివర హెస్టర్ గిటిన్స్ పొలంలో మాలో మేమే ఒక సాధన పోటీ పెట్టుకుంటాం. అది పేరుకే పోటీ. గెలిచినవాళ్ళకు రిబ్బను పువ్వు, ఓడినవాళ్ళకు రిబ్బను పువ్వు, పడ్డవాళ్ళకు ముందు అయోడిన్, ఆ తరవాత రిబ్బను పువ్వు.

నా పేరు డెంజిల్ ప్రోబర్ట్. వ్యాపారం దాణా. "మా తౌడు తింటే దౌడు" అని కొట్టు మీద రాయించుకున్నవాణ్ణి. పోటీలో మైకు నాకే ఇస్తారు. ఆ మైకు లేకపోయినా నా గొంతు పక్క ఊరికి వినిపిస్తుందనీ, మైకు ఇస్తే కనీసం తీగ ఉన్నంత దూరమే తిరుగుతాననీ విన్నీ బఫ్టన్ అంటుంది. విన్నీ టీ గుడారం చూసుకుంటుంది. ఆమె కేకులు గట్టివి. నోరు ఇంకా గట్టిది. హెస్టర్‌కూ ఆమెకూ చిన్నప్పటి నుంచీ స్నేహం. ఒకరి గుర్రం ఈనితే ఇంకొకరు పక్కన కూర్చునే రకం.

పోటీ పెట్టడమంటే గుర్రాలతో పని అనుకుంటారు. గుర్రాలతో పనేముంది, పనంతా మనుషులతోనే. గొర్రెలను పక్క పొలంలోకి తోలాలి, అవి వదిలి వెళ్ళిన జ్ఞాపకాలు పారతో ఎత్తాలి. కంచెలుగా పెట్టే పాత పీపాలకు రంగు వేయాలి. మరుగుదొడ్డి బండిని చదునైన చోట నిలబెట్టాలి. ఒక ఏడు వాలు మీద నిలబెడితే పాస్టరుగారి భార్య లోపల ఉండగానే అది బయలుదేరింది. ఆ ఏడు అసలైన స్వారీ ఆవిడదే.

ఇవన్నీ మాట్లాడుకోవడానికి ఈ కథ జరిగిన ఏడు కూడా హెస్టర్ వంటింట్లో చేరాం. ఎవరు ఏ పని చేయాలో చెప్పడం అయ్యాక, హెస్టర్ టీ కెటిల్ పొయ్యి మీద నుంచి దించి అంది.

"శనివారం పోటీ అయిపోద్ది. సోమవారం బార్లీ."

బల్ల కింద కుక్క గోక్కోవడం మానేసింది.

బార్లీ ఆమె గుర్రం. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద తెల్లటి చుక్క. హెస్టర్ భర్త ఉన్న రోజుల నుంచి, ఆయన పోయిన తరవాత కూడా, చలికాలమంతా వేటకుక్కల వెనక ఆమెను మోసినవాడు. ఇప్పుడు వెనక మోకీళ్ళు బిగిశాయి, ముందు కాలి గిట్ట లోపల ఎముక అరిగింది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. బార్లీ రౌతు మెత్తనో గట్టో గాని, వాడికి మిగిలినవే మూడు కాళ్ళు. చలికాలం బురద మొదలయ్యే లోపల ఈ లోకం నుంచి పంపించేయడం మంచిదని పశువుల డాక్టరు చెప్పి వెళ్ళాడు.

"ప్రీస్‌తో మాట్లాడావా?" అంది విన్నీ.

"మాట్లాడా. బార్లీ సొంత పొలంలోనే. సూదొద్దు, తుపాకీయే. బకెట్లో దాణా పోసి నేనే పట్టుకుంటా. తల బకెట్లో ఉండగానే అయిపోవాలి. వాడికేం తెలియకూడదు. ఆ తరవాత ప్రీస్ కుక్కల దగ్గరికి తీసుకెళ్తాడు."

ప్రీస్ వేటకుక్కల కాపరి. మా వైపు గుర్రాలకు చివరి రోజు అతనిదే. వేటకు వెళ్ళిన గుర్రం వేటకుక్కలకే ఆహారమైతే మా దగ్గర అది అవమానం కాదు. దహనం కన్నా, గుంట కన్నా అదే మర్యాద. ఏ కుక్కల వెనక పరిగెత్తాడో ఆ కుక్కల్లోనే బార్లీ ఇకపైనా పరిగెడతాడని హెస్టర్ నమ్మకం.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోవడం నాకు చేతకాదు. "గిట్టలున్నవన్నీ గిట్టక తప్పదు హెస్టర్" అన్నాను.

బల్ల కింద విన్నీ బూటు నా మోకాలికి తగిలింది. "నీ మాటలు మాత్రం ఎవరికీ గిట్టవు డెంజిల్" అంది.

హెస్టర్ నవ్వింది. అదే చివరి నవ్వు కాదులెండి, శనివారం ఇంకా చాలా నవ్వింది. తొందరపడి జాలిపడకండి.

"ఒక్కటే అడుగుతున్నా" అంది ఆమె. "శనివారం ఆఖరి అంశంలో వాణ్ణి నేను ఎక్కుతా. నేల మీద గడలే కదా, దూకేదేం లేదు. ఒక చుట్టు నడిపిస్తా. జనాన్ని చూసి సంతోషపడతాడు. ఒక్క రోజు ఆలస్యమవడం కన్నా ఒక వారం ముందు మేలు. మా నాన్న అనేవాడు. సోమవారం అన్న మాట మీద నుంచి నన్ను ఎవరూ కదపొద్దు."

ఎవరమూ కదపబోమని మాటిచ్చాం.

ఇక్కడే ఒక సంగతి చెప్పేయాలి. మాకు అది బుధవారం దాకా తెలియలేదు, మీకు ముందే తెలిస్తే తప్పులేదు. పెద్ద పోటీల్లో గుర్రానికి నొప్పి పొడి, అంటే నొప్పి తెలియనివ్వని మందు, పెట్టకూడదు; పెడితే నెత్తురు పరీక్షలో పట్టుకుంటారు. స్నేహపూర్వకమైన సాధన పోటీలో ఎవరూ ఎవరి నెత్తురూ పరీక్షించరు. స్నేహమంటే అదే మరి. పైగా మా వైపు ఏ వంటింటి సొరుగు లాగినా, పాత తాళంచెవులూ దారపు ఉండలూ పక్కకు నెడితే, ఎప్పుడో చచ్చిపోయిన గుర్రం తాలూకు నొప్పి పొడి పొట్లాలు కనిపిస్తాయి. పారేయడానికి మనసు రాదు.

శనివారం తెల్లారగానే హెస్టర్ డాక్టరు ఇచ్చిన పొట్లం ఒకటి నల్లటి బెల్లప్పాకంలో కలిపి, తౌడులో వేసి బార్లీకి పెట్టింది. వాడు ఆ ఒక్క రోజు సుఖంగా నడవాలని. ఆమె గడలు సర్దడానికి వెళ్ళగానే విన్నీ వచ్చింది. తన సొరుగులోని పొట్లాన్ని ఆపిల్ పండు బొడ్డు తొలిచి, లోపల నింపి, వాడి నోటికి అందించింది. వాడు కుంటితే అందరి ముందూ హెస్టర్ గుండె పగులుతుందని. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకునే పని కాదు కదా, అది మా దగ్గర అందరూ చేసేదీ, ఎవరూ ఒప్పుకోనిదీ.

ఆ రోజు పోటీ బాగా నడిచింది, అంటే ఎప్పటిలాగే నడవలేదు. దంతవైద్యుడి గుర్రం పీపాల్ని చూసి అవి నవ్వుతున్నాయనుకుందో ఏమో, వాటిని పళ్ళూడగొట్టినట్టు కొట్టింది. "దంతవైద్యుడికి ఆయన గుర్రమే పని కల్పించింది" అన్నాను మైకులో. కొత్తగా స్వారీ నేర్చుకుంటున్న టీచరమ్మ మూడు సార్లు దిగకుండానే నేల మీదికి వచ్చింది. "జీను మీద కన్నా నేల మీద ఎక్కువ సాధన చేశారు" అన్నాను. న్యాయనిర్ణేత మిసెస్ లెటిస్ ఆన్స్లో కారు అద్దం దించి, "మిస్టర్ ప్రోబర్ట్, మీరు ఒక్క నిమిషం మాట్లాడకపోతే నేనేమీ అనుకోను" అంది. ఒక్క నిమిషం మాట్లాడలేదు. జనం మైకు చెడిపోయిందనుకున్నారు.

ఆఖరి అంశానికి బార్లీ వచ్చాడు.

వాడు గేటు దగ్గర కనపడగానే అందరూ లేచారు. వాడు నడిచి రాలేదు, హుషారుగా ఊగుతూ వచ్చాడు. మెడ వంచి, చెవులు ముందుకు పెట్టి, తోక పతాకంలా ఎత్తి. అడుగు నడకలో తప్పు లేదు. హెస్టర్ పగ్గాలు సవరించింది. పరుగు నడకలోనూ తప్పు లేదు. నాలుగు గిట్టలూ వరసగా, గోడ గడియారం కొట్టినట్టు. గడల మీదుగా పోయేటప్పుడు ఒక్కటి కూడా తగల్లేదు. చివర హెస్టర్ అడగకుండానే దౌడు తీశాడు. ముసలి గుర్రం, హెస్టర్ తెల్ల జుట్టు, టోపీ కింది వలలోంచి తప్పించుకుని ఆ జుట్టు వెనక ఎగరడం. చూసినవాళ్ళు దాన్ని మరిచిపోరు.

మైకులో నేను ఏమన్నానో గుర్తులేదు. ఏదో అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె దిగేసరికి చుట్టూ మూగారు. మొదట మాట్లాడింది మిసెస్ ఆన్స్లో. కారులోంచి దిగి వచ్చింది, ఆవిడ కారు దిగడమే పెద్ద బహుమతి. "హెస్టర్, దీని కాలిలో నాకే లోపమూ కనిపించలేదమ్మా. ఏ డాక్టరు చూశాడు? చూపు సరిగా ఉన్నవాడేనా?"

"ఇంకో చలికాలం తేలిగ్గా" అన్నాడు దంతవైద్యుడు, గుర్రాల గురించి ఆయనకు దంతాలే తెలిసినా.

"నువ్వు కూడా చెప్పవోయ్" అని ప్రీస్‌ను ముందుకు తోశారు. అప్పటిదాకా అతను తన పొట్టి గుర్రాన్ని పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. బార్లీ మోకీలు తడిమాడు, గిట్ట ఎత్తి చూశాడు. బార్లీ కదల్లేదు. నొప్పి తెలిస్తే కదా.

"ఈ గుర్రాన్ని కాల్చమంటే తుపాకీ నన్ను తిట్టుద్ది మిసెస్ గిటిన్స్" అన్నాడు. "మీ ఇష్టం. నేనైతే రెండు వారాలు చూస్తా."

హెస్టర్ ఒక్కొక్కరి ముఖం చూసింది. చివరికి విన్నీ ముఖం చూసింది. విన్నీకి తెలుసు, తన ఆపిల్ సంగతి. తన పొట్లం ఒక్కటే ఇంత పని చేయదని కూడా తెలిసుండాలి, పాతది కదా. అయినా చప్పట్లు వింటే ఎవరికైనా గుర్రం బాగుపడిందనే అనిపిస్తుంది. "చూడవే, ఎలా ఉన్నాడో" అంది విన్నీ.

హెస్టర్ తన ముఖాన్ని బార్లీ మెడలో పెట్టి చాలాసేపు తీయలేదు. తీసి, "సోమవారం రావద్దు ప్రీస్" అంది.

ఆ సాయంత్రం టీ గుడారంలో కేకులు కూడా మెత్తగా అనిపించాయి.

ఆదివారం ఏం జరిగిందో తరవాత హెస్టర్ చెప్పింది. పొద్దున కొట్టంలో బార్లీ గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందు కాలు నేల మీద ఆన్చడం లేదు. అప్పుడే ప్రీస్‌కు ఫోన్ చేసి ఉండవచ్చు. కాని నిన్న ఊరంతా చప్పట్లు కొట్టింది, ప్రీస్ స్వయంగా తడిమి చూశాడు, మిసెస్ ఆన్స్లో కారు దిగింది. దౌడు తీసిన ఒళ్ళు కాబట్టి పట్టేసి ఉంటుందని సర్దిచెప్పుకుని, పాకంలో పొట్లం కలిపింది. మధ్యాహ్నం విన్నీ వచ్చి, హెస్టర్ లోపల గిన్నెలు కడుగుతుంటే ఆపిల్ పెట్టింది. సాయంత్రానికి బార్లీ బాగున్నాడు. సోమవారమూ అంతే. మంగళవారమూ అంతే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇక్కడ గుర్రం కుంటిదైనా పొడి తప్పలేదు. నొప్పి లేనందువల్ల వాడు రోజంతా తిరిగాడు. తిరిగినకొద్దీ లోపల అరిగింది. అరిగిందని వాడికి చెప్పవలసిన నొప్పి నోరు ఇద్దరు ఆడవాళ్ళు మూసి పెట్టారు, ఒకరు తీపితో, ఒకరు పులుపుతో.

బుధవారం పొద్దున నేను హెస్టర్ ఇంటికి దాణా బస్తాలు వేయడానికి వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. ఆమె కొట్టం ముందు నిలబడి ఉంది. బార్లీ పొలంలో, కంచె పక్క మేస్తున్నాడు.

అప్పుడు పొలం అవతలి సందులో కొమ్ము ఊదిన శబ్దం వినిపించింది. వేట కాలానికి ముందు ప్రీస్ కుక్కల్ని రోడ్ల మీద నడిపిస్తాడు, ఒళ్ళు గట్టిపడాలని. ఏటా చేసేదే. ఆ పొద్దున మా సందు వంతు.

బార్లీ తల ఎత్తాడు.

"లేదు" అంది హెస్టర్, మామూలు గొంతుతోనే. "బార్లీ. లేదు."

ఇరవై చలికాలాలు ఆ కొమ్ము విన్నవాడు. నొప్పి ఉండి ఉంటే రెండు అడుగులు వేసి ఆగేవాడు. వాడికి నొప్పి లేదు. కంచె వైపు తిరిగి దౌడు అందుకున్నాడు. చెట్ల కంచె ఎత్తుగా ఉంది, అవతల గుంట, ఆ తరవాత సందు. వాడు లేచాడు. లేవడం అందంగా లేచాడు, అది ఒప్పుకోవాలి. కంచె అవతల ఏదో ఎండుకొమ్మ విరిగినట్టు శబ్దమైంది.

అది కొమ్మ కాదు.

మేము గేటు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేసరికి వాడు గుంటలో పక్కకు పడి ఉన్నాడు. ముందు కాలు ఉండవలసిన వైపు లేదు. లేవాలని చూస్తున్నాడు. మళ్ళీ చూస్తున్నాడు. కుక్కలు సందు నిండా ఉన్నాయి, ప్రీస్ కొరడా ఝళిపించి వాటిని వెనక్కి తోస్తున్నాడు. అవి కూడా అరవడం మానేశాయి.

హెస్టర్ గుంటలోకి దిగి వాడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"తుపాకీ?" అంది.

ప్రీస్ ముఖం బూడిదలా ఉంది. "కుక్కల కొట్టంలో ఉంది మిసెస్ గిటిన్స్. గుర్రం మీద తీసుకురాను కదా."

"అయితే వెళ్ళు."

"డెంజిల్, నీ వ్యాను" అన్నాడు ప్రీస్. తన గుర్రాన్నీ కుక్కల్నీ తన సహాయకుడికి వదిలి నా పక్కన ఎక్కాడు. నేను జీవితంలో అంత వేగంగా నడపలేదు, అంత నిదానంగా వెళ్ళినట్టూ అనిపించలేదు. దారిలో ఒక్కసారి ప్రీస్, "నేను తడిమి చూశాను రా" అన్నాడు. నేను గేరు మార్చాను.

తిరిగి వచ్చేసరికి విన్నీ అక్కడ ఉంది. రోజూ వచ్చే వేళకే వచ్చింది. కోటు జేబు ఉబ్బెత్తుగా ఉంది. గుంట అంచున నిలబడింది, దిగలేదు. వాన పెరిగింది. బార్లీ అప్పటికి లేవడం మానేశాడు. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఒళ్ళంతా చెమట, ఒళ్ళంతా వణుకు. తల బకెట్లో లేదు. బకెట్ తేవాలని మాలో ఎవరికీ తోచలేదు. తెచ్చినా తినేవాడు కాదు.

"కళ్ళు మూసుకోండి మిసెస్ గిటిన్స్" అన్నాడు ప్రీస్.

"మూసుకోను. చెవులు వెనక్కి పట్టుకోనా?"

"పట్టుకోండి. చాలు. అక్కడే. ఇప్పుడు వదిలేసి వెనక్కి జరగండి."

ఆమె వదిలి జరిగింది.

తుపాకీ ఒక్కసారి పేలింది. ప్రీస్ తుపాకీ విప్పి గుడ్డలో చుట్టాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అడగక తప్పని మాట ఒకటి అతని దగ్గర మిగిలి ఉంది.

"మిసెస్ గిటిన్స్, కుక్కలకి పెట్టే ముందు అడగాలి. మందులేమైనా తిన్నాడా?"

హెస్టర్ గుంట గట్టు మీద కూర్చుంది. గౌను మీద వాడి నురగ, నెత్తురు.

"నొప్పి పొడి. పొట్లం. శనివారం నుంచి రోజూ."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

ప్రీస్ తల పంకించాడు. ఒక్కటైతే కుక్కలకు పెట్టవచ్చా అని లెక్కవేస్తున్నాడు కాబోలు. అప్పుడు విన్నీ అంది, గట్టిది కాని గొంతుతో. విన్నీకి అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు.

"రెండు."

హెస్టర్ తల తిప్పింది.

"నేను కూడా పెట్టా" అంది విన్నీ. "శనివారం పొద్దున్నించి. ఆపిల్లో. నువ్వు బాధపడతావని."

"నేను పెట్టింది వాడు బాధపడతాడని."

"తెలియదు హెస్టర్. నువ్వు పెడుతున్నావని తెలియదు."

"నాకూ తెలియదు."

ప్రీస్ చూపు నేల మీదికి దించాడు. "అయితే కుక్కలకి పెట్టలేనండి. వాటికి పడదు. దహనం చేసే చోటికి ఫోన్ చేస్తా, లారీ వస్తుంది."

"చెయ్యి" అంది హెస్టర్.

కుక్కల్ని సందులోంచి వెనక్కి మళ్ళించారు. అవి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళాయి. నేను వ్యాను వెనక తలుపు తెరిచి, ఏదైనా కప్పడానికి దొరుకుతుందేమోనని వెతికాను. ఖాళీ దాణా గోతాలు ఉన్నాయి. నాలుగు తెచ్చి వాడి ముఖం మీద కప్పాను, మిగతాదంతా బయటే ఉండిపోయింది.

లారీ మధ్యాహ్నానికి వచ్చింది. దాని వెనక లాగడానికి ఇనుప తాడు, దాన్ని చుట్టే చక్రం. డ్రైవరు పరాయివాడు, మంచివాడే. "తలతాడు ఉంచుకుంటారా?" అని అడిగాడు. "మాతో వస్తే అదీ కాలిపోద్ది."

హెస్టర్ లేచి వెళ్ళి వంగింది. బకిల్ వానకు బిగుసుకుంది. ఆమె వేళ్ళు కదలడం లేదు. రెండు మూడు సార్లు ప్రయత్నించింది. నేను ముందుకు అడుగు వేశాను, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"విన్నీ" అంది, వెనక్కి చూడకుండానే. "నా వేళ్ళు పనిచేయట్లేదు. నువ్వు విప్పు."

విన్నీ గుంటలోకి దిగింది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, గోతాం తొలగించి, బకిల్ విప్పింది. చెవుల మీంచి తోలు మెల్లగా లాగి, ముక్కు మీంచి తీసి, రెండు చేతులతో హెస్టర్‌కు అందించింది. హెస్టర్ తీసుకుంది.

ఇనుప తాడు బిగిసింది. చక్రం తిరిగింది.

లారీ సందు మలుపు దాటాక హెస్టర్ తలతాడును చుట్టి చంకలో పెట్టుకుంది.

"రేపు రాకు" అంది విన్నీతో. "ఎల్లుండి కూడా రాకు." ఇంటి వైపు నడుస్తూ, గేటు తీసి, దాన్ని మూయకుండా ఒక క్షణం పట్టుకుని నిలబడింది. "ఆదివారం రా. గడలూ పీపాలూ ఇంకా పొలంలోనే ఉన్నాయి. ఎత్తాలి."